పాలీహౌస్ కీర దోసలో బూడిద తెగులు: అయిదు మందులు కొట్టినా తగ్గలేదంటే లెక్క ఎక్కడ తప్పింది

పలమనేరు దగ్గర 25 సెంట్ల పాలీహౌస్, కీర దోస నాటి 48 రోజులు. గత 24 రోజుల్లో అయిదుసార్లు మందు కొట్టారు. మొదట కార్బెండజిమ్ + మాంకోజెబ్, తర్వాత అజాక్సీస్ట్రోబిన్, తర్వాత నాటివో, కస్టోడియా, చివరగా అమిస్టార్ టాప్. కొట్టిన నాలుగో రోజుకే మళ్లీ తెల్లగా వస్తోంది. అంగడిలో నకిలీ మందు ఇచ్చారా, ఇంతకంటే గట్టి మందు ఏది అని ఒక రైతు రాసి అడిగారు.

నకిలీ అనుకోవాల్సిన పని లేదు. మీరు రాసిన వరుసలోనే జవాబుంది. మీరు కొట్టింది అయిదు మందులు కాదు, బూడిద మీద పనిచేసే లెక్కన మూడు రకాల మందులే. అందులో ఒక రకాన్ని వరసగా నాలుగుసార్లు కొట్టారు.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు. నాటివో అంటే టెబుకొనజోల్ 50 శాతం, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ 25 శాతం. కస్టోడియా అంటే అజాక్సీస్ట్రోబిన్, టెబుకొనజోల్. అమిస్టార్ టాప్ అంటే అజాక్సీస్ట్రోబిన్, డైఫెనకొనజోల్. శిలీంద్రనాశినులు శిలీంద్రంలో ఎక్కడ దెబ్బ కొడతాయో దాన్నిబట్టి వాటికి అంతర్జాతీయంగా గ్రూపు నంబర్లు ఇచ్చారు. పేరు చివర స్ట్రోబిన్ ఉన్నవన్నీ 11వ గ్రూపు. కొనజోల్ ఉన్నవన్నీ 3వ గ్రూపు. ఆ లెక్కన మీ రెండో స్ప్రే నుంచి అయిదో స్ప్రే దాకా ప్రతి ట్యాంకులోనూ 11 ఉంది, చివరి మూడింటిలో 3 ఉంది. అంగడిలో పేరు మారింది, గ్రూపు మారలేదు.

పేరు చివర చూసి పట్టేయొచ్చు అనుకుంటే కొన్నిచోట్ల మోసపోతారు. క్రెసోక్సిమ్ మిథైల్ పేరులో స్ట్రోబిన్ లేదు, కానీ అదీ 11వ గ్రూపే. థయోఫనేట్ మిథైల్ వేరే మందులా కనిపిస్తుంది, మొక్కలోకి వెళ్లాక అది కార్బెండజిమ్‌గానే మారుతుంది. రెండూ 1వ గ్రూపు. ఒకటి పనిచేయకపోతే రెండోదీ చేయదు. ఇక మీ మొదటి స్ప్రేలోని మాంకోజెబ్ బూజు తెగులుకు పనికొస్తుంది గానీ బూడిద తెగులు మీద దాని బలం చాలా తక్కువ. కాబట్టి జంట మందు కొట్టానని మీరు అనుకున్నా, బూడిద మీద పనిచేయాల్సింది ఒక్క కార్బెండజిమే. దానికి ఈ తెగులు ఎప్పుడో లొంగడం మానేసింది. ఇదే గ్రూపులోని బెనోమిల్‌కు గుమ్మడి జాతి పంటల బూడిద తెగులు తట్టుకుంటోందని అమెరికాలో 1960ల చివర్లోనే బయటపడింది. ఆ బెనోమిల్ మన దేశంలో 2018లో నిషేధమైంది.

ముందుగా ఒక్కటి రూఢి చేసుకోండి, ఇది బూడిద తెగులేనా అని. ఆకు పైన పసుపు మచ్చలు ఈనెలు విడదీసినట్టు పలకలు పలకలుగా ఉండి, ఆకు కింద బూడిద ఊదా రంగు నూగు కనిపిస్తే అది బూజు తెగులు. దాని మందులు వేరు. వేలితో తుడిస్తే పిండిలా ఊడొచ్చే తెల్లపొడి ఆకుకు రెండు వైపులా, కాడల మీద, తీగ మీద ఉంటే బూడిద తెగులు. మీరు చెప్పిన లక్షణాలు దీనివే.

ఇక అసలు సంగతి. తెగులు మందుకు అలవాటు పడిందని అందరూ అంటారు. అలవాటు పడటం అంటూ ఏమీ ఉండదు. ఈ శిలీంద్రం పేరు పోడోస్ఫేరా గ్జాంథీ. ఒక్కో మచ్చ వేలకొద్దీ బీజాలను గాల్లోకి వదులుతుంది. బీజం ఆకు మీద పడిన 3 నుంచి 7 రోజుల్లో కొత్త మచ్చ కంటికి కనిపిస్తుంది. అంటే మీ 24 రోజుల్లో నాలుగైదు తరాలు గడిచాయి. అన్ని కోట్ల బీజాల్లో పుట్టుకతోనే ఆ మందుకు చావనివి కొన్ని ఉంటాయి. మందు జల్లెడలాగా పనిచేస్తుంది. చచ్చేవి చస్తాయి, చావనివి మిగులుతాయి, ఖాళీ అయిన ఆకు మొత్తం వాటి పిల్లలదే అవుతుంది. అదే జల్లెడను నాలుగుసార్లు పట్టారు కాబట్టి ఇప్పుడు మీ పాలీహౌస్‌లో ఉన్నది ఎక్కువగా ఆ మిగిలిన జాతే.

తట్టుకునే శక్తి రెండు రకాలు. ఈ తేడా తెలియకనే చాలామంది మోతాదు పెంచుకుంటూ పోతారు.

11వ గ్రూపు మందు శిలీంద్రం ఊపిరి తీసుకునే యంత్రాంగంలో సైటోక్రోమ్ బి అనే ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఆ ప్రోటీన్‌లో 143వ స్థానంలో ఉండాల్సిన గ్లైసిన్ పోయి అలనిన్ వస్తే మందుకు అతుక్కునే చోటే ఉండదు. అంతే, ఒక్క మార్పు. తాళం మారిపోయాక పాత తాళంచెవిని ఎంత బలంగా తిప్పినా లాభం లేదు. లీటరుకు 1 మి.లీ. కొట్టినా 5 మి.లీ. కొట్టినా ఫలితం ఒక్కటే. జపాన్‌లో ఈ మందులు కీర దోసకు వచ్చిన కొద్దికాలానికే, 1990ల చివర్లో, గ్రీన్‌హౌసుల్లో ఇదే జరిగింది. 1వ గ్రూపుదీ ఇదే తంతు, తట్టుకునే శక్తి ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు.

3వ గ్రూపు అలా కాదు. అక్కడ శక్తి మెట్లుమెట్లుగా తగ్గుతుంది. నిరుడు 14 రోజులు కాపాడిన మందు ఈ ఏడు 10 రోజులు, ఆపైన 5 రోజులు. ఇక్కడ మోతాదు లెక్కలోకి వస్తుంది. లేబుల్ మీద ఉన్న దానికి సగం వేస్తే మధ్యరకం బలమున్న శిలీంద్రాలన్నీ బతికి మెట్టు ఎక్కుతాయి. అందుకే కొనజోల్ మందును కొడితే పూర్తి మోతాదు కొట్టాలి, లేదంటే అసలు ముట్టకూడదు. ఒక మేలు ఏమిటంటే, కొంతకాలం వాడకుండా వదిలేస్తే 3వ గ్రూపు బలం కొంత తిరిగొస్తుంది. 1, 11 గ్రూపుల విషయంలో ఆ ఆశ పెట్టుకోవద్దు. తట్టుకునే జాతి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇంకో చిక్కు. జంట మందు కొట్టడమే రక్షణ అని కంపెనీ కరపత్రాల్లో రాస్తారు. రెండు భాగాలూ పనిచేస్తుంటే ఆ మాట నిజమే. 11 చచ్చుబడిన చోట ఆ డబ్బాలో మిగిలింది 3వ గ్రూపు ఒక్కటే. మీరు రెండింటికి డబ్బు పెట్టి ఒక్కదాన్ని కొట్టినట్టు, ఆ ఒక్కదాని మీద భారమంతా మోపినట్టు.

అయితే ఇదంతా తెగులు మందును తట్టుకోవడమే (రెసిస్టెన్స్) అని ఇప్పుడే తీర్మానించొద్దు. మందు ఆకు అడుగుకు చేరకపోయినా కనిపించేది ఇదే. తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చెబుతాను, ఖర్చు లేనివి.

మొదటిది పెన్ను గీత. మందు కొట్టిన రోజు, తడి ఆరాక, మధ్య ఎత్తులో ఉన్న అయిదు మొక్కల్లో ఒక్కో ఆకు మీద చిన్న మచ్చ చూసుకుని దాని అంచు చుట్టూ బాల్‌పెన్నుతో సన్నగా గీయండి. ఆకుకు పైన రెండు, కింద రెండు. కాడకు దారం కట్టి తేదీ రాయండి. నాలుగో రోజు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. మందు పనిచేస్తే మచ్చ గీత లోపలే ఆగి, తెల్ల నూగు చదునుగా పడిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. పనిచేయకపోతే అంచున దూది పోగుల్లా కొత్త నూగు నిలబడి గీత దాటుతుంది. ఆకు పైన గీత లోపలే ఆగి, కింద మాత్రం దాటిందంటే తప్పు మందుది కాదు, మీ నాజిల్‌ది. చచ్చిన శిలీంద్రం కూడా ఆకు మీద తెల్లగా చాలా రోజులు కనిపిస్తుందని గుర్తుంచుకోండి. అది చూసి పోలేదనుకుని మళ్లీ కొట్టేవాళ్లు చాలామంది.

రెండోది నారు పరీక్ష. పాలీహౌస్‌కు దూరంగా, ఇంటి దగ్గర ప్రోట్రేలో ఇరవై కీర విత్తనాలు వేయండి. మొదటి అసలు ఆకు విప్పుకున్నాక నాలుగేసి మొక్కలుగా విడదీసి, ఒక జట్టుకు నీళ్లు, ఒకదానికి అజాక్సీస్ట్రోబిన్, ఒకదానికి కొనజోల్, ఒకదానికి మీరు తర్వాత కొట్టాలనుకుంటున్న మందు, అన్నీ లేబుల్ మోతాదులో ఆకుకు రెండు వైపులా తడిసేలా కొట్టండి. మిగిలిన నాలుగు మొక్కలు చచ్చినవాటి స్థానంలోకి. మర్నాడు ఈ నారును మీ తెగులు మొక్కల మధ్య ఒక పగలంతా ఉంచి, సాయంత్రం ఇంటికి తెచ్చి, జట్టుకు జట్టుకు మధ్య కొంత ఎడం పెట్టండి. 8 నుంచి 10 రోజుల్లో తేలిపోతుంది. నీళ్లు కొట్టిన మొక్కలంత తెల్లగా అజాక్సీస్ట్రోబిన్ మొక్కలు కూడా ఉంటే ఆ గ్రూపుకు మీ దగ్గర నూకలు చెల్లినట్టే. కొనజోల్ మొక్కల మీద చిన్న చుక్కలు అక్కడక్కడ ఉంటే దానికి ఇంకా కొంత ప్రాణం ఉంది. ఇందులో గంధకం జట్టు పెట్టొద్దు. దాని ఆవిరి పక్క మొక్కలనూ కాపాడి లెక్క చెడగొడుతుంది.

ఇప్పుడు నాజిల్ సంగతి. 48 రోజుల కీర దోస, ట్రెల్లిస్ దారం మీద ఆరడుగులు ఎక్కి ఉంటుంది. 25 సెంట్లకు కనీసం 75 నుంచి 100 లీటర్ల ద్రావణం పోవాలి, అంటే 16 లీటర్ల ట్యాంకులు అయిదారు. మూడు ట్యాంకులతో ముగిస్తే కింది ఆకుల అడుగు భాగం పొడిగానే ఉంటుంది. తెగులు మొదలయ్యేది అక్కడే. అనుమానం ఉంటే ఉత్త నీళ్లలో కొంచెం నీలిమందు కలిపి, పది మొక్కల్లో ఆకు కిందివైపు తెల్ల కాగితం ముక్కలు క్లిప్పుతో పెట్టి రోజూ కొట్టినట్టే కొట్టి చూడండి. కాగితం మీద చుక్కలు దట్టంగా పడాలి. పడకపోతే లాన్స్‌ను (స్ప్రేయర్ గొట్టాన్ని) కింది నుంచి పైకి తిప్పి కొట్టాలి, సన్న తుంపర వచ్చే హాలో కోన్ నాజిల్ వాడాలి, వరసకు రెండు వైపులా నడవాలి.

ఇక ఈ పంటను ఎలా నిలబెట్టాలి.

11వ గ్రూపును ఈ పంటకు పూర్తిగా ఆపండి. జంటలో కలిసి వచ్చినా సరే. 1వ గ్రూపునూ ఆపండి.

మొదటి రోజు సాయంత్రం, గాలి తగ్గాక, కింద ముదిరి తెల్లబడ్డ ఆకులు తీయండి. మొక్కకు మూడు నాలుగుకు మించొద్దు, ఒక్కసారిగా ఎక్కువ తీస్తే కాయ సైజు పడిపోతుంది. పైన కనీసం పన్నెండు పద్నాలుగు మంచి ఆకులు మిగలాలి. తీసిన ఆకును అక్కడికక్కడే సంచిలోకి దించి మూతి కట్టండి. చేతుల్లో వేసుకుని వరసంతా నడిస్తే బీజాలను మీరే చల్లినట్టు. సంచులను బయట ఎండలో పెట్టండి లేదా గుంటలో పూడ్చండి. పాలీహౌస్ తలుపు పక్కన కుప్ప పోయొద్దు.

మర్నాడు పొద్దున పొటాషియం బైకార్బొనేట్, లీటరుకు 4 గ్రాములు, మందు ఆకు మీద పరుచుకునేలా చేసే స్ప్రెడర్ కలిపి, ఆకు అడుగుతో సహా తడిసేలా. ఈ శిలీంద్రం ఆకు లోపలికి పోదు. పై పొర కణాల్లోకి చిన్న వేర్లు దించి ఒళ్లంతా బయటే పెట్టుకుంటుంది. అందుకే పైపైన తగిలే మందులు దీని మీద ఇంత బాగా పనిచేస్తాయి. వీటికి తట్టుకునే జాతి పుట్టడం కూడా చాలా కష్టం. కాకపోతే తగిలిన చోటే చంపుతుంది, తర్వాత కాపలా కాయదు. అయిదు నుంచి ఏడు రోజులకు మళ్లీ కొట్టాలి. 5 గ్రాములు దాటితే ఆకు అంచులు కాలతాయి. ముందు పది మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూసి మిగతావాటికి వెళ్లండి. వంటసోడా వాడితే సోడియం పేరుకుంటుంది. మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పు చాలదా.

అయిదారు రోజుల తర్వాత గంధకం 80 శాతం నీటిలో కలిసేది, లీటరుకు 2 గ్రాములు. 1885కు ముందు నుంచే ద్రాక్షతోటల్లో దీన్ని వాడుతున్నారు, ఇప్పటికీ బూడిద తెగులు దీనికి లొంగుతూనే ఉంది, ఎందుకంటే ఇది శిలీంద్రాన్ని ఒక్కచోట కాదు, చాలాచోట్ల దెబ్బ తీస్తుంది. దీనితో జాగ్రత్తలు మూడు. లోపల వేడి 30 డిగ్రీలు దాటే రోజుల్లో కొట్టొద్దు, ఆకు మాడుతుంది. పలమనేరు, కుప్పం వైపు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా సాయంత్రాలు నిశ్చింతగా కొట్టొచ్చు. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు పల్లపు నేలల్లో ఫిబ్రవరి చివరి నుంచి దాన్ని మర్చిపోవడం మేలు. రెండోది, వేపనూనె గానీ మరే నూనె గానీ కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు. మూడోది, గంధకం పాలీహౌస్ షీటు ఆయుష్షును తింటుంది, అందులోని ఎండ తట్టుకునే రసాయనాన్ని చెడగొడుతుంది. లాన్స్ షీటు వైపు ఎత్తొద్దు, వారం వారం అదే పనిగా కొట్టొద్దు.

ఈ రెండింటితో తెగులు దిగి, కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నప్పుడు మాత్రమే ఒకసారి లోపలికి పాకే మందు ఆలోచించండి, అదీ వేరే గ్రూపు ఉన్నది. ఫ్లూఓపైరామ్ 7వ గ్రూపు. మన దగ్గర అది టెబుకొనజోల్‌తో కలిపి లూనా ఎక్స్‌పీరియన్స్‌గా వస్తోంది. మీ నారు పరీక్షలో కొనజోల్‌కు ప్రాణం ఉందని తేలితే పూర్తి మోతాదులో ఒక్కసారి. తెగులు మంట మీద ఉన్నప్పుడు దీన్ని కొడితే 7వ గ్రూపును కూడా ఇదే గతి పట్టిస్తారు. కోట్ల బీజాలున్నప్పుడు కాదు, కొద్దిగా ఉన్నప్పుడే ఇలాంటి మందుకు విలువ. వచ్చే పంట నుంచి మాత్రం ఒక పంటలో ఏ గ్రూపూ రెండుసార్లకు మించకూడదు, అదీ వరసగా కాదు. ద్రాక్ష రైతులు వాడే మెట్రాఫెనోన్ వేరే గ్రూపే, బాగా పనిచేసేదే. కానీ ఏ మందైనా లేబుల్ మీద కీర దోస పేరు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు చూశాకే కొట్టండి. మీరు రోజు విడిచి రోజు కోస్తున్నారు, కాయ చెన్నైకో బెంగళూరుకో పోతుంది, జనం పచ్చిగా తొక్కతో తింటారు. మందు కొట్టిన మర్నాడు కోసే కాయకు నేను ఎవరికీ సర్దిచెప్పలేను. ఆగాల్సిన రోజులు మీ కోతతో కుదరకపోతే ఆ మందు మీకు కాదు, కాయ దిగే ముందు వాడాల్సిందది.

పాలు పనిచేస్తాయా అని చాలామంది అడుగుతారు. చేస్తాయి. 1999లో బ్రెజిల్‌లో గ్రీన్‌హౌస్ జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మీద చేసిన ప్రయోగంలో పది శాతం, ఆపైన ఆవుపాలు కలిపిన నీళ్లు వారానికోసారి, రెండుసార్లు కొడితే బూడిద తెగులు మందులకు దీటుగా తగ్గింది. వంద లీటర్లకు పది లీటర్ల పాలు. పాడికి పేరున్న జిల్లా మనది, అయినా ఎదిగిన పంటకు ఆ ఖర్చు నిలవదు. నారుకు, మొదటి మూడు వారాల మొక్కకు పర్వాలేదు.

డ్రిప్‌లో ఇచ్చే సిలికాను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కీర దోస సిలికాను బాగా పీల్చుకునే మొక్క. పోషక ద్రావణంలో లీటరుకు దాదాపు 100 మిల్లీగ్రాముల సిలికా అందేలా పొటాషియం సిలికేట్ నాటినప్పటి నుంచీ ఇస్తే బూడిద తెగులు తగ్గుతుందని కెనడా గ్రీన్‌హౌసుల్లో రుజువైంది. అది బాగా క్షారం. ట్యాంకులో కాల్షియం నైట్రేట్‌తో కలిపితే గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. విడిగా ఇవ్వాలి. ఇచ్చినన్నాళ్లే ఫలితం, ఆపితే కొత్త ఆకుకు రక్షణ ఉండదు.

గాలి, వెలుతురు గురించి. ఈ తెగులుకు ఆకు తడవాల్సిన పని లేదు. నీడ, ఒత్తు, 20 నుంచి 27 డిగ్రీల వేడి, గాలిలో తేమ చాలు. ధనుర్మాసంలో చలికని పక్క కర్టెన్లు సాయంత్రం దించి పొద్దున తొమ్మిదింటి దాకా ఎత్తకపోతే మీరు తెగులుకు దుప్పటి కప్పినట్టు. తెల్లారగానే ఎత్తండి, రాత్రి కూడా పైన ఒక అడుగు తెరిచి ఉంచండి. మబ్బు రోజుల్లో షేడ్‌నెట్ ముడిచేయండి. 19:19:19 ఎరువు మీద యూరియా కూడా ఇస్తుంటే ఆపండి, లేత ఆకు మీదే ఇది చెలరేగుతుంది.

మామిడి పూతకు వచ్చే బూడిద మీ కీర మీదికి పాకిందేమో అన్నారు. కాదు. అది వేరే శిలీంద్రం, కీరను పట్టదు. టమాటాదీ వేరే శిలీంద్రమే. మీరు చూడాల్సింది కంచె వెంట పాకే కాకిదొండ, బుడమకాయ తీగలు, పక్క చేల్లోని గుమ్మడి, సొర, బీర. ఈ శిలీంద్రం బతికున్న మొక్క మీదే బతుకుతుంది. పంటకు పంటకు మధ్య అది దాక్కునేది అక్కడే. పాలీహౌస్ చుట్టూ ఆ తీగలు పీకించండి. ఈ పంట పీకే ముందు రోజు చల్లని పూట గంధకం కొట్టి, మర్నాడు పీకి, లోపల ఒక్క పచ్చ తీగ లేకుండా ఊడ్చి, రెండు వారాలు ఖాళీగా వదలండి. ఎండాకాలమైతే మూడు రోజులు అన్ని వైపులా మూసేస్తే లోపలి వేడి మిగతా పని చేస్తుంది. రెండు పాలీహౌసులుంటే కూలీలను పొద్దున ముందు లేత పంటలోకి పంపి, ఆ తర్వాతే ముదురు పంటలోకి పంపండి.

వచ్చే పంటకు విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఇంగ్లీషులో పీఎక్స్ అనే రెండక్షరాలు ఉన్నాయేమో చూడండి. పోడోస్ఫేరా గ్జాంథీకి గుర్తు అది. దాని ముందు ఐఆర్ అని ఉంటే ఒక మాదిరిగా తట్టుకుంటుందని, హెచ్‌ఆర్ అని ఉంటే బాగా తట్టుకుంటుందని అర్థం. ఐఆర్ రకం వేసినా తెగులు కనిపిస్తుంది, కానీ అయిదు స్ప్రేల చోట రెండుతో గట్టెక్కుతారు. నారు పరీక్షలో అన్ని మందుల మొక్కలూ తెల్లబడితే, తెగులు ఆకులను కాగితపు కవరులో పెట్టి, కొట్టిన మందుల వరుస, తేదీలు రాసి, తిరుపతి వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ల విభాగానికి పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో పెట్టొద్దు, దారిలోనే చెమర్చి కుళ్లిపోతుంది.